కంపెనీలకూ ఉంది... రీయింబర్స్‌మెంట్!

ఫీజు రీయింబర్స్‌మెంట్ గురించి తెనాలి, బాపట్ల, రేపల్లె కాలేజీల్లో చదివేవాళ్లకు విడమరిచి చెప్పనక్కర్లేదు. ప్రభుత్వం కడతానంటుంది. కాలేజీ ఆ మాట నమ్మి సీటిస్తుంది. డబ్బు ఎప్పుడు పడుతుందో మాత్రం ఎవరికీ తెలీదు. చివరికి టీసీ కోసం వెళ్లినప్పుడు ఆఫీసు రూమ్ దగ్గర గొడవ. పెద్ద పెద్ద కంపెనీలకూ అచ్చం ఇలాంటి రీయింబర్స్‌మెంటే ఒకటి నడుస్తోంది. ‘మా రాష్ట్రంలో పెట్టండి, మీరు కట్టిన పన్ను తిరిగిచ్చేస్తాం’ అని ప్రభుత్వం మాటిస్తుంది. కంపెనీ వస్తుంది. కొన్నిసార్లు డబ్బు అందుతుంది, కొన్నిసార్లు అందదు. ఈలోగా పక్క రాష్ట్రం ఫోన్ చేస్తుంది.

కామర్స్ వాళ్ల సిలబస్ మనకెందుకు అనుకోకండి. మొన్న బాపట్లలో బీటెక్ ఫైనలియర్ చదువుతున్న ఓ తమ్ముడు ఫోన్ చేసి ఒకే ప్రశ్న అడిగాడు. ‘అన్నయ్యా, విశాఖకి టీసీఎస్ వస్తోంది, కాగ్నిజెంట్ వస్తోంది, గూగుల్ కూడా వస్తోందంటున్నారు. ఇక హైదరాబాద్ వెళ్లి హాస్టల్లో ఉండి కోర్సు చేయడం మానేయొచ్చా?’ వాళ్ల నాన్నగారు ఆ కోర్సు ఫీజు కోసం అప్పు చేయాలి. అంటే ప్రభుత్వం ఓ కంపెనీకి ఇచ్చిన మాట ఎంత గట్టిదో చూసుకుని ఈ కుర్రాడు అప్పు సంగతి తేల్చుకోవాలి. వార్త చదివి చప్పట్లు కొట్టేస్తే అతనికి సరిపోదు. ఆ మాట ఎలా తయారవుతుందో, ఎక్కడ తేడా కొడుతుందో తెలియాలి.

వెళ్లిపోవడం అంటే తాళం వేయడం కాదు

కంపెనీ రాష్ట్రం వదిలి వెళ్లిపోయిందంటే గేటుకు తాళం వేసి, మిషన్లన్నీ లారీల్లో ఎక్కించుకుని పోయినట్టు ఊహించుకుంటాం. అలా జరగడం చాలా అరుదు. వేల కోట్లు పోసి కట్టిన ప్లాంటును ఎవరూ పీక్కుని పోరు. పాతది ఉన్నచోటే ఉంటుంది, కొత్తది మాత్రం వేరే చోట పెడతారు. సీనియర్ల ఉద్యోగాలకు ఢోకా ఉండదు. దెబ్బ తగిలేది ఫ్రెషర్‌కి, ఎందుకంటే పెద్ద ఎత్తున కొత్తవాళ్లను తీసుకునేది కొత్త ప్లాంటే.

అమరరాజా సంగతే చూడండి. గల్లా రామచంద్రనాయుడు తిరుపతి దగ్గర కరకంబాడిలో మొదలుపెట్టిన బ్యాటరీల కంపెనీ అది. ఆయన కొడుకు గల్లా జయదేవ్ 2014 నుంచి 2024 దాకా గుంటూరు ఎంపీ. తెనాలి ఆ నియోజకవర్గంలోదే కాబట్టి ఈ పేరు మనవాళ్లకు కొత్తేం కాదు. 2021 ఏప్రిల్ నెలాఖరులో కాలుష్య నియంత్రణ మండలి చిత్తూరు జిల్లాలోని వాళ్ల ప్లాంట్లు మూసేయమని ఆదేశాలిచ్చింది. వారం తిరక్కుండానే హైకోర్టు వాటిని నిలిపేసింది. సీసం కాలుష్యం వల్లే ఈ చర్య అని ప్రభుత్వం అంది, రాజకీయ కక్ష అని ప్రతిపక్షం అంది. ఎవరిది నిజమో తేల్చడం ఈ పేజీ పని కాదు. తర్వాత ఏం జరిగిందన్నదే మనకు ముఖ్యం. 2022 డిసెంబరు 2న అమరరాజా తెలంగాణ ప్రభుత్వంతో ఒప్పందం మీద సంతకం చేసింది. మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో పదేళ్లలో రూ.9,500 కోట్లతో లిథియం బ్యాటరీల గిగా ఫ్యాక్టరీ, నేరుగా 4,500 ఉద్యోగాలు. పాత ప్లాంట్లు ఉన్నచోటే నడుస్తున్నాయి. ఎలక్ట్రిక్ వాహనాల బ్యాటరీ అనే కొత్త పరిశ్రమ మాత్రం కృష్ణా దాటి అవతలికి పోయింది. బాపట్లలో ఎలక్ట్రికల్ చదివిన కుర్రాడు పోగొట్టుకున్నది దాన్నే.

దీనికి రివర్స్ కేసూ ఉంది. హైదరాబాద్ కంపెనీ ప్రీమియర్ ఎనర్జీస్ తెలంగాణలో పెడదామనుకున్న సోలార్ సెల్ యూనిట్‌ను 2024 చివర్లో మన నాయుడుపేటకు మార్చుకుంది. పోయినప్పుడు పేపర్లో ఎంత పెద్ద అక్షరాలతో వస్తుందో, వచ్చినప్పుడు అంత రాదెందుకో మరి.

ఇక కియా. 2017 ఏప్రిల్‌లో ఒప్పందం అయింది, 110 కోట్ల డాలర్ల పెట్టుబడి, పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో ప్లాంటు. 2019లో కార్లు బయటికొచ్చాయి, డిసెంబరులో లాంఛనంగా ప్రారంభోత్సవమైంది. రెండు నెలలకే, 2020 ఫిబ్రవరిలో, ఆ ప్లాంటును తమిళనాడుకు తరలించే విషయమై చర్చలు జరుగుతున్నాయంటూ రాయిటర్స్ కథనం ఇచ్చింది. కియా ఖండించింది, రాష్ట్ర ప్రభుత్వమూ ఖండించింది, తమిళనాడు కూడా అలాంటిదేం లేదంది. ప్లాంటు ఎక్కడికీ పోలేదు, ఇప్పటికీ అక్కడే ఉంది. కానీ ఆ రెండు మూడు రోజులు అనంతపురం కుర్రాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో నడిచిన కంగారు నాకు బాగా గుర్తు. ఒక్క కంపెనీ మీద అంతగా ఆధారపడిన జిల్లాలో పుకారుకు కూడా ఖరీదుంటుంది. బేరమాడేవాళ్లకు ఆ సంగతి బాగా తెలుసు.

అసలు ఏ పన్ను?

‘రాష్ట్రం పన్ను మినహాయింపు ఇచ్చింది’ అని వార్తల్లో రాసేస్తారు గానీ, రాష్ట్రం చేతిలో ఉన్న పన్నులు చాలా తక్కువ. కంపెనీ లాభం మీద వేసే కార్పొరేట్ ట్యాక్స్ కేంద్రానిది. రాష్ట్రానికి మిగిలేది జీఎస్టీలో తన వాటా, అంటే ఎస్‌జీఎస్టీ. ఆ పైన స్టాంప్ డ్యూటీ, కరెంటు మీద సుంకం లాంటివి. వాటితోపాటు భూమి ఉంది. అది పన్ను కాదు, కానీ బేరంలో అన్నిటికంటే బరువైనది అదే.

తెనాలిలో ఒక ఫ్యాన్ల ఫ్యాక్టరీ ఉందనుకుందాం. లక్ష రూపాయల ఫ్యాన్లు గుంటూరు షాపులకు అమ్మింది. 18 శాతం జీఎస్టీ అంటే రూ.18,000. అందులో 9,000 కేంద్రానికి, 9,000 రాష్ట్రానికి. ముడిసరుకు కొన్నప్పుడు ఫ్యాక్టరీ ఇప్పటికే 5,000 రాష్ట్ర వాటాగా కట్టి ఉంటే, అది మినహాయించి చేత్తో కట్టాల్సింది 4,000. దీన్నే నికర ఎస్‌జీఎస్టీ అంటారు. పాలసీలో ‘ఐదేళ్లపాటు నూరు శాతం ఎస్‌జీఎస్టీ రీయింబర్స్‌మెంట్’ అని ఉంటే, ఈ 4,000 ఫ్యాక్టరీ ముందు కట్టాలి, తర్వాత క్లెయిమ్ పెట్టుకోవాలి, ప్రభుత్వం వెనక్కివ్వాలి. వినడానికి సింపుల్‌గానే ఉంది కదా?

ఇక్కడే తిరకాసు. అవే ఫ్యాన్లు హైదరాబాద్ షాపుకు అమ్మితే? అప్పుడు పడేది ఐజీఎస్టీ. అందులో రాష్ట్ర వాటా సరుకు తయారైన ఆంధ్రాకు రాదు, సరుకు వాడుకునే తెలంగాణకు పోతుంది. 2017 జులై 1న జీఎస్టీ వచ్చిన రోజు నుంచి లెక్క ఇదే. పన్ను వినియోగదారుడు ఉన్నచోటికే వెళ్తుంది. ఎర్రమంచిలో తయారైన కారు ముంబయిలో అమ్ముడుపోతే ఎస్‌జీఎస్టీ మహారాష్ట్రది. మనకు రాని పన్నును మనం ఎలా తిరిగిస్తాం? అందుకే రాష్ట్రాలు ఇప్పుడు పెట్టిన పెట్టుబడిలో ఇంత శాతం సబ్సిడీ, ఇచ్చిన ప్రతి ఉద్యోగానికీ ఇంత, కరెంటు యూనిట్‌కు ఇంత తగ్గింపు అంటూ వేరే దారులు వెతుకుతున్నాయి. పేరు పన్ను రాయితీయే, ఇచ్చేది మాత్రం ఖజానాలోంచి నగదు.

అసలు ఈ పోటీ ఇప్పటిది కాదు. 1990లలో అమ్మకం పన్ను మాఫీలతో రాష్ట్రాలు ఒకదాని మీద ఒకటి ఎంతగా పోటీ పడ్డాయంటే, చివరికి అందరూ కూర్చుని 2000 జనవరి 1 నుంచి కొత్తగా అలాంటి రాయితీలు ఇవ్వొద్దని ఒప్పుకున్నారు. ఎన్నాళ్లు? 2003లో హిమాచల్, ఉత్తరాఖండ్‌లకు కేంద్రమే ఎక్సైజ్, ఆదాయపన్ను మినహాయింపులు ఇవ్వడంతో దేశంలోని ఫార్మా కంపెనీలు బద్దీకి క్యూ కట్టాయి. మన హైదరాబాద్ కంపెనీలు కూడా. విభజన తర్వాత ప్రత్యేక హోదా కోసం అంత గట్టిగా అడిగింది కూడా అలాంటి పన్ను మినహాయింపులు వస్తాయన్న ఆశతోనే. హోదా రాలేదు. వెనకబడిన ప్రాంతాల్లో కొత్త యంత్రాల మీద 15 శాతం అదనపు పెట్టుబడి అలవెన్స్, 15 శాతం అదనపు తరుగుదల ఇస్తామన్నారు. దానికి గుర్తించినవి రాయలసీమ నాలుగు, ఉత్తరాంధ్ర మూడు, మొత్తం ఏడు జిల్లాలు. తెనాలి, బాపట్ల, రేపల్లె మూడూ అప్పుడు గుంటూరు జిల్లాలోనే ఉన్నాయి. గుంటూరు ఆ జాబితాలో లేదు. ‘డెల్టా కదా, మీకేం తక్కువ’ అన్నమాట. డెల్టాలో వరి పండుతుంది నిజమే, ప్లేస్‌మెంట్లు పండవు.

99 పైసలు

ఇప్పుడు సాఫ్ట్‌వేర్‌కి వద్దాం. టీసీఎస్ అమెరికా క్లయింట్‌కు పనిచేస్తే అది ఎగుమతి. ఎగుమతి మీద జీఎస్టీ సున్నా. కాబట్టి ‘ఎస్‌జీఎస్టీ తిరిగిస్తాం’ అని వాళ్లను రమ్మంటే నవ్వుతారు. వాళ్లకు ఇవ్వగలిగింది భూమి. 2025 ఏప్రిల్‌లో రాష్ట్ర కేబినెట్ విశాఖ రుషికొండ ఐటీ హిల్ మీద 21.16 ఎకరాలను 99 పైసలకు టీసీఎస్‌కు ఇవ్వడానికి ఒప్పుకుంది. రూ.1,370 కోట్ల పెట్టుబడి, 12,000 ఉద్యోగాలన్నది అటువైపు మాట. తర్వాత కాపులుప్పాడలో కాగ్నిజెంట్‌కు అదే ధర, 8,000 ఉద్యోగాల హామీ.

99 పైసల మీద కోర్టుల దాకా గొడవ జరిగింది, జరగాలి కూడా. అది మన భూమి. నా అభిప్రాయం అడిగితే, భూమి ఇవ్వడంలో ఒక సుగుణం ఉంది, అది కళ్లకు కనిపిస్తుంది. ఎన్ని ఎకరాలు, ఎక్కడ, ఎవరికి అన్నది జీవోలో ఉంటుంది. బిల్డింగ్ లేవకపోతే మన కంటికే తెలిసిపోతుంది. ఏటా ఖజానా నుంచి నిశ్శబ్దంగా వెళ్లే రీయింబర్స్‌మెంట్ కంటే దీన్ని నిలదీయడం తేలిక.

ఒక చిన్న భాగహారం చేయండి. టీసీఎస్ ప్రాజెక్టులో రూ.1,370 కోట్లకు 12,000 ఉద్యోగాలు. అంటే ఒక్కో ఉద్యోగానికి పెట్టుబడి సుమారు 11 లక్షలు. దివిటిపల్లి బ్యాటరీ ఫ్యాక్టరీలో రూ.9,500 కోట్లకు నేరుగా 4,500. ఒక్కో ఉద్యోగానికి 2 కోట్ల పైమాటే. పెట్టుబడి అంకె ఎంత పెద్దదైతే ఉద్యోగాలు అన్ని ఎక్కువ అనుకునేవాళ్లకు ఈ లెక్క చూపించండి.

డేటా సెంటర్ల దగ్గర ఇది ఇంకా ఘోరంగా ఉంటుంది. 2025 అక్టోబరు 14న గూగుల్ విశాఖలో ఏఐ హబ్ ప్రకటించింది. ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు, ఒక గిగావాట్ స్థాయి. దేశమంతా మాట్లాడుకుంది. కర్ణాటక ఐటీ మంత్రి ప్రియాంక్ ఖర్గే వెంటనే ఎత్తిచూపారు: రూ.22,000 కోట్ల రాయితీలు, తగ్గింపు ధరకు భూమి, నీళ్లు, నూరు శాతం ఎస్‌జీఎస్టీ వాపసు... ఇన్ని మేమిస్తే రాష్ట్రాన్ని దివాలా తీయిస్తున్నారని మమ్మల్ని తిట్టరా అని. మన మంత్రి లోకేశ్ ఆంధ్రా వంటల కారం పొరుగువాళ్లకు మండుతోందని చురకేశారు. మీమ్స్ బాగా పేలాయి. నవ్వుకున్నాక అసలు విషయానికి వద్దాం. డేటా సెంటర్ అంటే కరెంటు, నీళ్లు, సర్వర్లు, కేబుళ్లు. కట్టేటప్పుడు వేలమంది కావాలి. కట్టాక దాన్ని నడపడానికి పెట్టుబడితో పోలిస్తే చాలా కొద్దిమంది చాలు. ఆ కొద్దిమందిలో కోడింగ్ వాళ్లకంటే ఎలక్ట్రికల్, కూలింగ్, నెట్‌వర్కింగ్, ఫైర్ సేఫ్టీ వాళ్లే ఎక్కువ. మెకానికల్, ట్రిపుల్‌ఈ చదివి సాఫ్ట్‌వేర్‌కి మారదామా అని ఊగిసలాడుతున్నవాళ్లు ఈ ముక్క అండర్‌లైన్ చేసుకోండి. సీఎస్‌ఈ వాళ్లకు అసలు ఉద్యోగాలు డేటా సెంటర్‌లో కాదు, దాని చుట్టూ వస్తాయో రావో ఇంకా తెలియని కంపెనీల్లో.

ఇచ్చిన మాట, రాని డబ్బు

రాయితీ ప్రకటించడం వేరు, చేతికివ్వడం వేరు. మన రాష్ట్రంలో ఏ పార్టీ ప్రభుత్వం ఉన్నా పారిశ్రామిక సంఘాల ఫిర్యాదు మాత్రం ఒక్కటే, బకాయిలు. 2021 సెప్టెంబరులో అప్పటి ప్రభుత్వం స్పిన్నింగ్ మిల్లులకు, చిన్న పరిశ్రమలకు కలిపి రూ.1,124 కోట్లు విడుదల చేసింది. అందులో చాలావరకు పాత బకాయిలే. పెద్ద కంపెనీకి బకాయి వస్తే లాయర్లుంటారు, లాబీ ఉంటుంది. చిన్న స్పిన్నింగ్ మిల్లు ఓనర్ బ్యాంకు వడ్డీ కడుతూ కూర్చుంటాడు, ముందు ఆపేది కొత్తవాళ్లను తీసుకోవడమే.

2018 ప్రాంతంలో మంగళగిరి, గన్నవరం, విశాఖల్లో చిన్న ఐటీ కంపెనీలకు ఆఫీసు అద్దెలో కొంత భాగం ప్రభుత్వం భరించే పథకం నడిచింది. మా సీనియర్ ఒకాయన అలాంటి ఒక కంపెనీలో చేరాడు. రోజూ తెనాలి నుంచి ట్రైన్‌లో వెళ్లొచ్చేవాడు, ఇంటి భోజనం, అమ్మ చేతి క్యారేజీ. జీతం తక్కువైనా హాయి అనేవాడు. ఓ రోజు కంపెనీ హైదరాబాద్‌కు మారుతున్నామని మెయిల్ పెట్టింది. వెళ్లినవాళ్లు వెళ్లారు, వెళ్లలేనివాళ్లు మానేశారు. పెళ్లయిన అమ్మాయిల్లో ఎక్కువమంది మానేసినవాళ్లేనని అతను చెప్పాడు. రాయితీల చర్చల్లో ఎక్కడా వినపడని లెక్క ఇది.

ఈ అపనమ్మకం పోగొట్టడానికే 2025 నవంబరులో విశాఖలో జరిగిన సీఐఐ భాగస్వామ్య సదస్సులో ముఖ్యమంత్రి ఎస్క్రో ఖాతా ఆలోచన ప్రకటించారు. రాయితీల డబ్బును విడిగా ఒక ఖాతాలో వేస్తారు, గడువు రాగానే సెక్రటేరియట్ చుట్టూ తిరిగే పనిలేకుండా కంపెనీకి వెళ్లిపోతుంది. ఆలోచన మంచిదే. చదివినప్పుడు నాకైతే వెంటనే అనిపించింది, ఫీజు రీయింబర్స్‌మెంట్‌కి కూడా ఓ ఎస్క్రో ఖాతా ఎందుకుండకూడదు అని. రెండూ ప్రభుత్వం ఇచ్చిన మాటలే కదా.

అమెరికాలోనూ ఇదే తంతు

ఇదేదో మన దగ్గరే అనుకోవద్దు. 2013లో బోయింగ్ తన కొత్త 777ఎక్స్ విమానాన్ని వేరే రాష్ట్రంలో తయారు చేస్తానని సూచించింది. కంగారుపడ్డ వాషింగ్టన్ రాష్ట్రం ప్రత్యేకంగా శాసనసభను పిలిచి, మూడు రోజుల్లో పని కానిచ్చి, 2040 దాకా వర్తించేలా సుమారు 870 కోట్ల డాలర్ల పన్ను రాయితీ ఇచ్చేసింది. విమానం, దాని రెక్క ఇక్కడే తయారు చేయాలని షరతు పెట్టారు. ఇన్ని ఉద్యోగాలు ఉంచాలని మాత్రం పెట్టలేదు. ఆ తర్వాతి ఏళ్లలో ఆ రాష్ట్రంలో బోయింగ్ ఉద్యోగాలు వేలల్లో తగ్గాయి, షరతు మాత్రం ఉల్లంఘన కాలేదు. 2020లో ప్రపంచ వాణిజ్య సంస్థ వివాదం వల్ల కంపెనీ కోరిక మీదే ఆ రాయితీలో ప్రధాన భాగాన్ని ఎత్తేశారు. అదే ఏడాది 787 తయారీ మొత్తాన్ని సౌత్ కరోలినాకు మారుస్తామని బోయింగ్ ప్రకటించింది. ఒక్క క్లాజు రాయకపోతే ఎంత ఖరీదో చూశారా?

కాన్సస్, మిస్సోరి రాష్ట్రాలది ఇంకో తమాషా. కాన్సస్ సిటీ మహానగరం రెండు రాష్ట్రాల్లోకీ విస్తరించి ఉంటుంది. రాయితీల కోసం కంపెనీలు సరిహద్దు రోడ్డు దాటి అటూ ఇటూ మారేవి. ఉద్యోగి ఇల్లు అదే, కారు అదే, ఆఫీసు మాత్రం కొన్ని మైళ్లు జరిగేది. కొత్త ఉద్యోగం ఒక్కటీ రాలేదు. ఏళ్ల తర్వాత విసుగొచ్చి 2019లో రెండు రాష్ట్రాలూ సంధి చేసుకున్నాయి.

అలాగని రాయితీలన్నీ దండగ అని కూడా చెప్పలేను. 2008లో సింగూరు నుంచి టాటా నానో బయటికి రాగానే గుజరాత్ సాణంద్‌కు లాక్కెళ్లింది. 0.1 శాతం వడ్డీకి అప్పు ఇచ్చింది. నానో కారు అట్టర్ ఫ్లాప్. కానీ సాణంద్ చుట్టూ విడిభాగాల కంపెనీలొచ్చాయి, ఫోర్డ్ వచ్చింది. ఫోర్డ్ వెళ్లిపోతే ఆ ప్లాంటును టాటాయే కొనుక్కుంది. కారు పోయినా ఊరు నిలబడింది. అలా చుట్టూ అల్లుకున్నప్పుడే రాయితీ గిట్టుబాటు. మనకూ ఓ చేదు జ్ఞాపకం ఉంది. 2005లో ఫోక్స్‌వ్యాగన్ విశాఖకు వచ్చేస్తోందన్న సంబరంలో ‘వశిష్ట వాహన్’ అనే సంస్థకు ప్రభుత్వం రూ.11 కోట్లు ఇచ్చింది. ఆ సంస్థతో తమకు సంబంధం లేదని జర్మన్ కంపెనీ చెప్పింది. ప్లాంటు పుణె దగ్గర చాకన్‌కు పోయింది.

రాయితీ ఒక్కటే కంపెనీని ఆపలేదన్నది కూడా చూస్తూనే ఉన్నాం. 2025 సెప్టెంబరులో బెంగళూరు ఔటర్ రింగ్ రోడ్డు మీద ఉద్యోగుల రాకపోకలకు గంటన్నర పడుతోందని, ఆఫీసు ఖాళీ చేస్తున్నామని బ్లాక్‌బక్ సీఈవో పోస్టు పెట్టారు. మన వాళ్లు వెంటనే విశాఖకు రమ్మన్నారు. చివరికి ఆ కంపెనీ బెంగళూరులోనే ఉంటామంది. అక్కడ సమస్య రోడ్డు గుంతలు, పన్ను కాదు. ఉండిపోవడానికి కారణం అక్కడ దొరికే ఇంజినీర్లు. అంటే మీరే.

ప్రకటన వచ్చిన రోజు ఏం చూడాలి?

ఆ బాపట్ల తమ్ముడికి చెప్పిందే ఇక్కడా చెబుతున్నా. ఎంవోయూ అంటే పెళ్లిచూపులు. అబ్బాయి నచ్చాడన్నంత మాత్రాన ఫంక్షన్ హాల్ బుక్ చేయం కదా. తర్వాత రాష్ట్ర పెట్టుబడుల ప్రోత్సాహక బోర్డు ఆమోదం, కేబినెట్ నిర్ణయం, జీవో, భూమి అప్పగింత, నిర్మాణం. హైరింగ్ మొదలయ్యేది ఆ చివర్లో. ఐటీ కంపెనీలు మాత్రం సొంత బిల్డింగ్ లేచేదాకా ఆగకుండా అద్దె ఆఫీసులో మొదలుపెడతాయి కాబట్టి అక్కడ ముందే అవకాశాలుండొచ్చు. మీరు ఏ మెట్టు మీద ఉన్న వార్త చదువుతున్నారో గమనించండి.

జీవో చదవడం అలవాటు చేసుకోండి. 2021లో ఆపేసిన జీవోల వెబ్‌సైట్‌ను 2024లో మళ్లీ తెరిచారు. నాలుగైదు పేజీలే ఉంటాయి, ఇంగ్లిష్ కొంచెం పాతకాలంది, ఓపిక పట్టాలి. ఉద్యోగాలు ఎన్ని అన్నదే కాదు, ఏ ఏడాదికి ఎన్ని, ఇవ్వకపోతే భూమి వెనక్కి తీసుకుంటారా, ప్రత్యక్షమా పరోక్షమా అన్నది వెతకండి. ‘పరోక్ష ఉద్యోగాలు’ అన్న మాటలో క్యాంటీన్, సెక్యూరిటీ, కట్టుబడి కూలీ అన్నీ కలిసిపోతాయి. అవి తక్కువ పనులని కాదు, మీ బీటెక్‌కి సంబంధించినవి కావంతే.

స్థానికులకు 75 శాతం ఉద్యోగాల చట్టం మీద ఆశ పెట్టుకున్నవాళ్లూ కనిపిస్తుంటారు. 2019లో మన రాష్ట్రం చేసింది. హరియాణా చేసిన అలాంటి చట్టాన్నే 2023లో అక్కడి హైకోర్టు కొట్టేసింది. 2024 జులైలో కర్ణాటక బిల్లు పెట్టబోతే నాస్కామ్ గొడవ చేసింది, ప్రభుత్వం పక్కన పెట్టింది. ఆ గొడవలోనే ‘మా విశాఖకి రండి’ అని మనవాళ్లు పిలిచారు. దాని మీద కెరీర్ ప్లాన్ చేసుకోవద్దు.

నేరుగా మీ ఖాతాలోకి వచ్చే ప్రోత్సాహకం కూడా ఒకటుంది, దాని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. ప్రధానమంత్రి వికసిత్ భారత్ రోజ్‌గార్ యోజన. 2025 ఆగస్టు 1 నుంచి 2027 జులై 31 మధ్య మొదటిసారి ఉద్యోగంలో చేరి పీఎఫ్‌లో నమోదైతే, నెల జీతం లక్ష లోపు ఉంటే, గరిష్ఠంగా రూ.15,000 రెండు విడతల్లో వస్తుంది. మొదటిది ఆరు నెలలు పనిచేశాక, రెండోది ఏడాది నిండి, ఆర్థిక అక్షరాస్యత కోర్సు పూర్తిచేశాక. అదనంగా మనుషుల్ని తీసుకున్న యజమానికీ ఒక్కొక్కరి మీద నెలకు రూ.3,000 వరకు రెండేళ్లు, తయారీ రంగమైతే నాలుగేళ్లు. అందుకే ఆఫర్ లెటర్ తీసుకునేటప్పుడు పీఎఫ్ ఉందా అని అడగడం మర్చిపోవద్దు. ‘తర్వాత చూద్దాంలే’ అంటే గట్టిగానే అడగండి. యూఏఎన్ నంబరు ఉమాంగ్ యాప్‌లో మీ ముఖం స్కాన్ చేసి మీరే తీసుకోవచ్చు.

వెళ్లిపోలేని కంపెనీలు

మనూళ్ల సంగతి. తెనాలికి గానీ రేపల్లెకి గానీ టీసీఎస్ వస్తుందని నేను అనుకోను, ఎవరైనా అంటే నమ్మకండి. కానీ కొన్ని పరిశ్రమలకు ‘వెళ్లిపోతాం’ అని బెదిరించే అవకాశమే లేదు. బల్లికురవ కొండల్లోని గ్రానైట్‌ను ఎవరూ హోసూరుకు తీసుకెళ్లలేరు. నిజాంపట్నం సముద్రం అక్కడే ఉంటుంది. రేపల్లె చుట్టూ రొయ్యల చెరువులు, వాటి మీద బతికే ఐస్ ప్లాంట్లు, మేత దుకాణాలు, ప్రాసెసింగ్ యూనిట్లు ఉన్నాయి. వడ్లమూడిలో సంగం డెయిరీ ఉంది. మినప్పప్పు మర ఆడించే తెనాలి మిల్లుల్లోంచి దేశమంతా తెలిసిన బ్రాండ్లు వచ్చాయి. వీటికీ కష్టాలుంటాయి. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకుల మీద సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు రొయ్యల రైతు గుండె ఆగినంత పనైంది. కానీ వాటిని నిలబెట్టడానికి 99 పైసలకు ఎకరాలు రాసివ్వక్కర్లేదు. సరైన కరెంటు, కోల్డ్ స్టోరేజీ, పరీక్షల ల్యాబు, సమయానికి చిన్న పరిశ్రమల బకాయిలు చాలు.

ఇంజినీరింగ్ చదివినవాళ్లకు అక్కడేం పని అంటారా? చెరువులో ఆక్సిజన్ ఎంతుందో ఫోన్‌కి చెప్పే సెన్సర్ల నిర్వహణ, శీతలీకరణ, ఎగుమతి నాణ్యత పరీక్షలు, గ్రానైట్ కోసే కంప్యూటర్ మిషన్లు, సోలార్. జీతం హైదరాబాద్ స్టార్టింగ్ కంటే తక్కువే, దాచడం ఎందుకు. క్యాంపస్ ప్లేస్‌మెంట్ల బోర్డు మీద ఈ పేర్లుండవు. మీరే వెళ్లి అడగాలి.

ఆ తమ్ముడు హైదరాబాద్ కోర్సు మానలేదు. అయితే ఆరు నెలల ఫుల్‌స్టాక్ బదులు నెట్‌వర్కింగ్, క్లౌడ్ ఆపరేషన్స్ కలిసిన చిన్న కోర్సు తీసుకున్నాడు, ఫీజు దాదాపు సగం. విశాఖలో తీసుకుంటే విశాఖ, లేకపోతే హైదరాబాద్, రెండుచోట్లా పనికొస్తుందని. రుషికొండ, కాపులుప్పాడ జీవోలు రెండూ డౌన్‌లోడ్ చేసుకుని, ఏ ఏడాదికి ఎన్ని ఉద్యోగాలన్న లైన్ల కింద ఎర్ర గీతలు గీసి నాకు ఫొటో పంపాడు.